నిల్ మేడమ్

అమీర్‌పేటలో చీకటి ఉండగానే లేచేది పరీక్ష ఉన్నవాళ్లు, చీపురు ఉన్నవాళ్లు. హాస్టళ్ల కిటికీల్లో ఒకటొకటిగా లైట్లు వెలుగుతున్నాయి. కింద, మెట్రో స్తంభం పక్కన సురేందర్ తన బండికి స్టాండు వేసి, వరసకట్టిన ఆడవాళ్ల మొహాల ముందు ఫోను ఎత్తి పట్టుకుని హాజరు తీసుకుంటున్నాడు. మొహం పూర్తిగా కనిపిస్తే తప్ప ఫోను ఒప్పుకోదు. చలికి తల నిండా కొంగు కప్పుకున్న బాలమణికి అది రోజూ జరిగే అవమానం.

"నా మొఖం నీకెర్కలేదా సురేందరన్నా? ఏమన్న పెండ్లిసూపులా ఇవి?"

"నాకెర్కే అక్కా. గీ ఫోనుకే ఎర్కలేదు. జర కొంగు తియ్యి."

ఆడవాళ్లు నవ్వారు. బాలమణి కొంగు తీసి ఫోను వంక కళ్లెర్రజేసి చూసింది. ఫోను భయపడ్డట్టు వెంటనే టిక్కు పెట్టేసింది.

సురేందర్ కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య సూపర్‌వైజరు. మైత్రీవనం దగ్గర మొదలై పంజాగుట్ట వైపు పోయే రోడ్డులో సగం, దాని పక్క సందులు అతని బీటు. రోడ్డు ఊడ్చేది ఆడవాళ్లు, ఊడ్చినట్టు ఫొటో తీసి పైకి పంపేది అతను. ఈ బీటుకి ప్రత్యేకమైన చెత్త ఒకటుంది, పాంప్లెట్లు. ఏ కోర్సు చదివితే ఏ ఉద్యోగం వస్తుందో చెప్పే రంగురంగుల కాగితాలు సాయంత్రమంతా జనం చేతుల్లోకి వచ్చి, నాలుగడుగులు వెయ్యకముందే నేలమీదికి జారతాయి. రాత్రి మంచుకి తడిసి తారుకి అతుక్కున్నాయంటే ఇక పొడుగు చీపురు పనికిరాదు. వంగి, గోరుతో అంచు లేపి, చిరగకుండా ఒలవాలి. ఆ పనిలో భూలక్ష్మి చెయ్యి తిరిగిన మనిషి. మిగతావాళ్లు ఒక కాగితం లాగేలోపు ఆమె చుట్టుపక్కలంతా శుభ్రం చేసేది.

ఆమె వెనకాలే చెత్త బండి ఉంది. బండిలో గోనెసంచి మీద ఆమె కొడుకు రాకేశ్ నిద్రపోతున్నాడు. వాడికింకా రెండేళ్లు నిండలేదు. బండి పిడి పట్టుకుని వాడి అక్క అనుపమ నిలబడి ఉంది. నాలుగో తరగతి పిల్ల, తల్లి పాత స్వెట్టరు చేతులు మడిచి వేసుకుంది.

అలాంటి పిల్లలు ఆ బీటులో ఇంకా ఉన్నారు. తల్లులంతా బోరబండ గదుల నుంచి మొదటి ఆటోలో వస్తారు. మొగుళ్లున్నవాళ్లకి మొగుళ్లు కూలి అడ్డాకి పోతారు, లేనివాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు. పొద్దెక్కాక గానీ అంగన్‌వాడీ తలుపులు తెరవరు, తెరిచినా మూడేళ్లు నిండని పిల్లల్ని కూర్చోబెట్టుకోరు. ఇంట్లో తాళం వేసి రాలేరు కాబట్టి వెంట తీసుకొస్తారు. బండి ఖాళీగా ఉన్నంతసేపు పిల్లలు అందులో పడుకుంటారు. చెత్త నిండేకొద్దీ లేచి పక్కన నడుస్తారు.

ఆ మధ్య ఎక్కడో వేరే ఊళ్లో చెత్త బండిలో పడుకున్న పసివాడి ఫొటో ఒకటి ఫోన్లలో తెగ తిరిగింది. అక్కడి సూపర్‌వైజర్ని ఇంటికి పంపించారని విన్నప్పట్నుంచి సురేందర్‌కి కంటినిండా నిద్ర లేదు. అతను చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగంలో ఈ రెంటికీ తేడా బయటివాళ్లకి ఒక్కోసారి తెలియదు.

"మళ్ల జెప్తున్న, ఇనుండ్రి," అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. "పిల్లగాళ్లు కనబడొద్దు. పై ఆఫీసర్ల తెల్ల జీపు వచ్చిందంటే ఏడోళ్లాడ మాయమైపోవాలె. కనబడ్డరో, నా నౌకరి పోతది, నా ఎన్కనే మీదీ పోతది."

ఆడవాళ్లు తలలూపారు. పిల్లలకైతే అది చెప్పాల్సిన పనే లేదు. వాళ్లకది ఎప్పుడో ఆటైపోయింది. తెల్ల కారు ఏది కనబడినా ముందు దాక్కుని, అది జీపా కాదా అన్నది తరవాత చూసుకుంటారు.

"అనూ, నువ్వు జర పెద్దదానివి," అన్నాడు సురేందర్. "తమ్ముణ్ని అరవనియ్యకు."

"అరవనియ్య సార్," అంది అనుపమ ఎంతో బాధ్యతగా.

ఆ రోజే సర్కిల్ ఆఫీసులో మీటింగు. కొత్తగా బదిలీ మీద వచ్చిన డిప్యూటీ కమిషనరు కమలకుమారి సూపర్‌వైజర్లందర్నీ పిలిచింది. ఏలూరు వైపు మనిషి. గొంతు ఎత్తదు గానీ అడిగింది మళ్లీ అడుగుతుంది. ఆమె పేరు చెబితే రాఘవేందర్ లాంటివాడే చొక్కా గుండీలు సరిచేసుకుంటున్నాడు. రాఘవేందర్ పంజాగుట్ట వైపు బీటు చూస్తాడు. సురేందర్‌తో కలిసి ఒకే ఏడాది చేరాడు. ఇద్దరూ మీటింగుల్లో ఎప్పుడూ చివరి వరసలో, ఫ్యాను కింద కూర్చుంటారు.

కార్పొరేషన్ మీటింగులకి ఒక పద్ధతుంది. పైవాళ్లు "ఎన్ని" అని అడిగితే కిందివాళ్లు "నిల్" అనాలి. మూతల్లేని మ్యాన్‌హోళ్లెన్ని? నిల్. దోమల మందు కొట్టని గల్లీలెన్ని? నిల్. నిల్ అంటే పేజీ తిప్పేస్తారు. నిల్ కాదంటే మాత్రం ఎందుకు, ఎప్పట్నుంచి, ఎవరి నిర్లక్ష్యం అని మొదలవుతుంది, దాని చివర ఒక మెమో ఉంటుంది. ఇన్నేళ్లలో సురేందర్ నోటికి ఆ మాట ఎంత అలవాటైందంటే, ఇంట్లో భార్య ఉల్లిగడ్డలెన్ని ఉన్నాయని అడిగినా ముందు అదే వస్తుంది.

కమలకుమారి చేతిలోని కాగితం పక్కన పెట్టింది.

"ఇంకో విషయమండీ. మీ బీట్లలో పనివాళ్లతో పాటు చిన్నపిల్లలెవరైనా వస్తున్నారా? వస్తే ఎంతమంది? ఒక్కొక్కరే చెప్పండి."

గది చల్లబడింది. ఫోన్లలో తిరిగిన ఆ ఫొటో అందరి కళ్ల ముందూ ఒకేసారి కదిలింది.

"నిల్ మేడమ్," అన్నాడు మొదటివాడు.

"నిల్ మేడమ్."

"మా దాంట్ల నిల్ మేడమ్," అన్నాడు రాఘవేందర్, ఛాతీ కాస్త ముందుకు పెట్టి.

సురేందర్ వంతు వచ్చింది. అతని కళ్ల ముందు గోనెసంచి మీద ముడుచుకు పడుకున్న రాకేశ్ ఒక్క క్షణం మెదిలాడు. మెదిలినందుకే గొంతు అవసరమైనదానికన్నా గట్టిగా వచ్చింది. "నిల్ మేడమ్! ఒక్కరు సుత లేరు!"

బోరబండ బీటు చూసే దుర్గేష్ ఒక్కడే తడబడ్డాడు. మొన్నమొన్న చేరిన కుర్రాడు, పద్ధతి ఇంకా ఒంటబట్టలేదు. "ఉన్నారు మేడమ్. చాలామందే ఉన్నారు. కొందరు మరీ చంటిపిల్లలు మేడమ్," అనేశాడు. గదిలో ఉన్నవాళ్లంతా జాలిగా అతని వైపు చూశారు. బయటికొచ్చాక రాఘవేందర్ అతని భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు భాయ్, వేరే నౌకరి దొరుకుతది," అని ఓదార్చాడు కూడా.

మర్నాడు పొద్దున హాజరు అయ్యాక సురేందర్ బుచ్చయ్య ఇడ్లీ బండి దగ్గర నిలబడి చాయ్ తాగుతున్నాడు. బుచ్చయ్య జనగామ వైపు రైతు, ఇప్పుడు తెల్లవారేలోగా హాస్టల్ పిల్లలకి సరిపడా పిండి ఆవిరి పట్టే మనిషి. రాఘవేందర్ బండి వచ్చి ఆగింది. మొహంలో కళ లేదు.

"ఇన్నవా సురేందర్?"

"ఏంది? దుర్గేష్‌ని తీసేసిన్రా?"

"తీసేసుడా! గానికి గది ఇచ్చిన్రు రా. పిల్లల గది. తెల్లారకముందే తెరుస్తరంట. పాలు, గుడ్డు, ఉడుకు నీళ్లు, సూసుకోనీకె మహిళా సంఘం నుంచి ఒకామె. తల్లులు చీపురు పట్టినప్పటి సంది పని దిగేదాక పిల్లలు ఆడనే ఉంటరంట. మేడమ్ గందుకే అడిగింది. మనం ఏందో అనుకున్నం."

సురేందర్ చాయ్ గ్లాసు ఇడ్లీ బండి మీద పెట్టేశాడు.

"మరి మనకు?"

"మనకేడికెల్లి వస్తది? మన బీట్లల్ల పిల్లలే లేరు గద. నువ్వైతే ఒక్కరు సుత లేరని మస్తు గట్టిగ జెప్తివి."

రాఘవేందర్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. చాయ్ కూడా తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ పూట సురేందర్‌కి ఏ పనీ సరిగ్గా సాగలేదు. ఊడ్చిన రోడ్డు ఫొటోకి బదులు తన చెప్పుల ఫొటో పంపాడు. ఎవరో మంచి మాట అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పగలిగానే అని తనమీద తనకే రోత పుట్టింది. పోనీలే, దుర్గేష్ బీటు పిల్లలైనా బాగుపడతారు కదా అని సర్దిచెప్పుకోబోయాడు. అదీ నిలబడలేదు.

పొద్దెక్కాక సందులో ఉన్న ప్రభుత్వ బడి మీదుగా పోతుంటే గేటు బయట అనుపమ కనిపించింది. భుజాన బడి సంచి, చంకలో రాకేశ్. లోపల పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తుంటే ఈమె బయట నిలబడి పెదాలు కదుపుతోంది. సురేందర్ బండి ఆపాడు.

"ఏమే, లోపలికి పోలే?"

"తమ్ముణ్ని ఎత్తుకొని రావొద్దన్నరు సార్. అమ్మ పని అయినంక వచ్చి వీణ్ని తీస్కపోతది. అప్పుడు పోత."

"మీ అమ్మ వచ్చేసరికి మధ్యాహ్నమైతది గదనే. అప్పుడు లోపల ఏముంటది?"

"అన్నం," అంది అనుపమ.

ఆమె అది బాధగా చెప్పలేదు. బడిలో తను అందుకునేది అదే కాబట్టి ఉన్నమాట చెప్పింది. రాకేశ్ జారిపోతుంటే ఒక్క ఎగరేతతో మళ్లీ పైకి సర్దుకుంది.

"టీచరేమంటలేదా?"

"లెక్కలు వస్తలేవని కింది క్లాసుల కూసోబెడ్తరంట. గక్కడైతే నాకన్నా అందరు చిన్నోళ్లే సార్." ఇది మాత్రం తల దించుకుని చెప్పింది.

సురేందర్ బండి తిప్పాడు. టిఫినుకి ఇంటికి పోవాల్సినవాడు సర్కిల్ ఆఫీసు దారి పట్టాడు. దారిపొడుగునా ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో ఆలోచించుకుంటూ పోయాడు. ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆలోచనలు అయిపోయాయి, భయం మాత్రం మిగిలింది.

కమలకుమారి తలెత్తి చూసింది.

"చెప్పండి సురేందర్ గారూ."

"మేడమ్, మా బీట్ల పిల్లలున్నరు."

"నిన్న నిల్ అన్నారు కదండీ."

"అన్న మేడమ్."

"గది ఇస్తున్నామని తెలిసిందా?"

"తెలిసింది మేడమ్."

ఆమె పెన్ను మూత పెట్టింది. "ఏంటండీ ఇది? నిన్నటిదాకా సర్కిలంతా నిల్లు. పొద్దున్నుంచి ఎవరొచ్చినా పిల్లలున్నారు పిల్లలున్నారు అంటున్నారు. మీరు చెప్పిన ఏ మాట నమ్మి నేను పైకి రాయాలి?"

సురేందర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది.

"ఇకమీదట నేను కళ్లారా చూసిందే రాస్తాను. రేపు పొద్దున్నే మీ బీటుకొస్తాను. పిల్లలుంటే చూపించండి. లేకపోతే మాత్రం ఈ ఏడాదికి ఆ మాటెత్తొద్దు."

అతను గాలిలో తేలుతున్నట్టు మెట్లు దిగాడు. చూపించడానికేం, బండికొకరున్నారు! సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. "రేపు పిల్లలందర్ని తీస్కరాండ్రి. మేడమ్ వస్తది. దాచకుండ్రి, మంచిగ కనబడనియ్యుండ్రి," అని గొంతు పోయేలా చెప్పాడు. అందరూ "సరే అన్నా" అన్నారు. బాలమణి కూడా ఎదురు మాట లేకుండా "సరే అన్నా" అంది. బాలమణి అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే అతనికి అనుమానం రావాల్సింది. సంతోషంలో ఉన్నాడేమో, రాలేదు.

తెల్లవారుజామున మెట్రో స్తంభం దగ్గర ఆడవాళ్లు ఎన్నడూ లేనంత తీరుగా నిలబడి ఉన్నారు. చీరల మీది కార్పొరేషన్ జాకెట్ల పట్టీలు మెరుస్తున్నాయి. చీపుళ్లు ఒకే వైపు వాలి ఉన్నాయి. చెత్త బండ్లు కడిగి వరసగా పెట్టారు. వాటిలో గోనెసంచులు కూడా లేవు. పిల్లల జాడ అంతకన్నా లేదు.

"పిల్లలేరి?" అన్నాడు సురేందర్. ఆడవాళ్లు చీపుళ్లు సర్దుకున్నారు. అతను మళ్లీ నోరు తెరిచేలోగా తెల్ల జీపు మలుపు తిరిగి వచ్చి ఆగింది.

కమలకుమారి దిగింది. శాలువా సర్దుకుంటూ ఒక్కో బండిలోకీ తొంగి చూసింది.

"ఎక్కడండీ పిల్లలు?"

సురేందర్ భూలక్ష్మి వైపు తిరిగాడు. "భూలక్ష్మీ, అనుపమ ఏది? రాకేశ్ ఏడి?"

"ఇంటికాడున్నరన్నా," అంది భూలక్ష్మి నేల చూస్తూ. "నాతోని ఎందుకొస్తరు?"

బాలమణి ఒక అడుగు ముందుకేసింది. కొంగు తనంతట తనే తలమీంచి తీసి, మొహం చక్కగా కనిపించేలా నిలబడింది.

"మా బీట్ల ఒక్క పిల్లగాడు సుత రాడు మేడమ్. సురేందరన్న మస్తు స్ట్రిక్టు. తెస్తే ఊకోడు. గంత మంచి సూపర్‌వైజరు ఇంకేడ దొరకడు. ఎవలేం జెప్పిన్రో గని, గాయనను ఏమనకుండ్రి."

మిగతా ఆడవాళ్లు "అవు మేడమ్, అవు" అన్నారు. అప్పుడు గానీ సురేందర్‌కి తలకెక్కలేదు. ఎవరో అతన్ని పట్టించారనీ, ఆఫీసులో కూర్చోబెట్టి బలవంతంగా ఆ ఫోన్లు చేయించారనీ వీళ్లు అనుకున్నారు. రాత్రి ఒకరితో ఒకరు మాట్లాడుకుని అతన్ని కాపాడాలని తీర్మానించుకున్నారు. తను నేర్పిన పాఠమే తనకోసం ఒక్క తప్పు లేకుండా అప్పజెబుతున్నారు. వాళ్లమీద కోపం తెచ్చుకుందామంటే కోపం రాలేదు, కళ్లు మండాయి.

కమలకుమారి నిట్టూర్చింది. "చూడండి సురేందర్ గారూ, మీ వాళ్లే చెబుతున్నారు. ఇంక నేనేం రాయను?" అంటూ జీపు వైపు తిరిగింది.

"జర ఆగుండ్రి మేడమ్."

ఆ గొంతు తనదేనా అని అతనికే అనిపించింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆఫీసులో చెప్పాల్సిన మాటలు రోడ్డు మీద, ఆడవాళ్లందరి ముందూ చెప్పాడు.

"ఈళ్లు అబద్ధం ఆడుతలేరు మేడమ్. నేను జెప్పిందే జెప్తున్నరు. పిల్లలు ఉన్నరు. రోజూ వస్తరు. జీపు రాంగనే దాసుకోమని నేర్పింది నేనే. మొన్న మీటింగుల నిల్ అన్నది సుత నేనే. నా నౌకరి కోసం అన్న. నన్ను తీసేస్తరా, తీసెయ్యుండ్రి. గది మాత్రం ఇయ్యుండ్రి. గా అనుపమ బడి గేటు కాడ నిలబడి ఎక్కాలు ఇంటుంది మేడమ్. లోపలికి పోనీకె లేదు." తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగాడు. "నన్నెవ్వరు పట్టియ్యలే అక్కా. నేనే పొయ్యి జెప్పిన. పిల్లల కోసం గది ఇస్తరంట. దండం పెడ్త, పిలువుండ్రి."

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పక్కన మెట్రో మెట్ల మీద మొదటి షట్టరు లేచింది. భూలక్ష్మి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. చీపురు స్తంభానికి ఆనించింది.

"అనూ," అని పిలిచింది. "రా బిడ్డా."

భూలక్ష్మి ఇడ్లీ బండి వైపు రెండడుగులు వేసింది.

"అనూ, రావే. ఏం కాదు."

బుచ్చయ్య ఇడ్లీ బండి కింద, వేలాడుతున్న నీలం టార్పాలిన్ వెనక నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. "అమ్మా, జీపు ఇంకా పోలే."

సురేందరే వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని టార్పాలిన్ ఎత్తాడు. పొయ్యి వేడి తగిలే చోట అనుపమ ముడుచుకుని ఉంది. ఒళ్లో రాకేశ్. వాడి నోటి మీద గట్టిగా ఆమె అరచెయ్యి ఉంది. వాడి కళ్లు మాత్రం చక్రాల్లా తిరుగుతున్నాయి. సురేందర్‌ని చూడగానే ఆమె హడావిడిగా చెప్పింది. "అరవనియ్యలే సార్. ఒక్కసారి సుత అరవనియ్యలే."

సురేందర్‌కి ఏడుపొచ్చింది. ఇద్దరు పిల్లల తండ్రి, నలుగురిలో పరువుగా తిరిగే మనిషి, ఇడ్లీ బండి కింద తల పెట్టి ఏడ్చాడు. "చెయ్యి తియ్యి బిడ్డా. అరవనీ," అన్నాడు. ఆమె చెయ్యి తీసింది. రాకేశ్ బుగ్గ మీద వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. వాడు ఊపిరి పీల్చుకుని, ఇన్నాళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు, వీధంతా మోగేలా ఒక్క కేక పెట్టాడు.

ఆ కేకతో రోడ్డు మేలుకుంది. కోచింగ్ సెంటరు మెట్ల కింది నుంచి ఒక పిల్ల వచ్చింది. ఏటీఎం కాపలాదారు తన కుర్చీ వెనక దుప్పటి దులిపి ఒక బుడ్డోణ్ని లేపి నిలబెట్టాడు. పూలమ్మే ఆమె బుట్టల మధ్య నుంచి అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని నడిచొచ్చారు. హాస్టలు గేటు తీసి వాచ్‌మన్ భార్య, నిద్రపోతున్న చంటిదాన్ని భుజాన వేసుకుని తెచ్చి వరసలోనే ఉన్న బాలమణి కోడలి చేతికిచ్చింది. దాక్కోమని చెప్పినవాడు సురేందరే గానీ, వాళ్లెక్కడ దాక్కుంటున్నారో అతనికి ఏనాడూ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. వీధి వీధంతా కలిసి వాళ్లని దాచి, వెచ్చగా ఉంచి, అప్పుడప్పుడు ఒక ఇడ్లీ ముక్క పెట్టి, మళ్లీ తల్లులకి అప్పగిస్తోంది.

"మీకూ తెలుసా?" అని కమలకుమారి బుచ్చయ్యని అడిగింది.

"గల్లీల ఎవలికి ఎర్కలేదమ్మా?" అన్నాడు బుచ్చయ్య, ఇడ్లీ పాత్ర మూత తీస్తూ. "తింటరా? అప్పుడే దించిన."

ఆమె ఇడ్లీ తినలేదు. కళ్లజోడు తీసి శాలువా అంచుతో చాలాసేపు తుడుచుకుంది. తర్వాత వరసగా నిలబడ్డ పిల్లల్ని ఫొటో తీయబోయి, ఆగి, ఫోను లోపల పెట్టేసింది.

"సురేందర్ గారూ, మీకు మెమో ఇస్తానండీ. తప్పు సమాచారం ఇచ్చినందుకు."

"ఇయ్యుండ్రి మేడమ్."

"గది కూడా ఇస్తాను. మీ వార్డాఫీసు కింద ఏదో గది ఖాళీగా ఉందన్నారు?"

"ఖాళీ లేదు మేడమ్. పాత ఫాగింగ్ మిషన్లున్నయి, ఫ్లెక్సీ ఫ్రేములున్నయి. రేపటికల్లా ఖాళీ అయితది."

జీపు వెళ్లిపోయింది. ఈసారి పిల్లలెవరూ దాక్కోలేదు. రోడ్డు మధ్యదాకా వెళ్లి దాన్ని తనివితీరా చూశారు. ఇడ్లీ బండి దగ్గర పడిపోయిన టోపీ తీసి, దుమ్ము దులిపి, బాలమణి తెచ్చి సురేందర్‌కి ఇచ్చింది.

"ముందుగాల్నే మంచిగ జెప్పొద్దా అన్నా? రాత్రంత నీ కోసం నిద్రవోలే మేము."

"ఫోన్ల జెప్పిన గదనే అక్కా!"

"ఫోన్ల ఎవలైనా జెప్తరు," అంది బాలమణి కొట్టిపారేస్తూ.

ఆ వారం పని దిగాక కూడా ఆడవాళ్లు ఇళ్లకి పోలేదు. ఫాగింగ్ మిషన్లని బయటికి లాగారు. తుప్పు ఫ్రేముల్ని స్క్రాపు ఆటో ఎక్కించారు. నేల మీద మందు వాసన పోయేదాకా సున్నం నీళ్లతో కడిగి, మళ్లీ కడిగారు. రాఘవేందర్ ఒక పాత ట్యూబులైటు తెచ్చి బిగించి, తన బీటులో పిల్లల్ని చూపించడానికి మేడమ్‌ని ఎప్పుడు పిలవాలో అడిగిపోయాడు. మెమో కూడా చెప్పినట్టే వచ్చింది. సురేందర్ దాన్ని భార్యకి చూపించి, ఎందుకొచ్చిందో మొదట్నుంచీ చెప్పాడు. ఆమె అంతా విని, పిల్లల గదికి తమ ఇంట్లో వాడని చాప ఒకటి ఉందని గుర్తు చేసింది.

గది తెరిచిన రోజు రిబ్బన్లు లేవు, ఫ్లెక్సీలు లేవు. చీకటితోనే లైటు వెలిగింది. మహిళా సంఘం నుంచి వచ్చిన కుసుమకుమారి స్టవ్ మీద పాలు పెట్టి, చాపలు పరిచింది. తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని దించారు. దించాక గుమ్మంలోనే నిలబడిపోయారు. కుసుమకుమారి "ఇగ పోండ్రి తల్లీ, నేనున్న గద," అని తరిమితే గానీ కదల్లేదు. ఏడ్చిన పిల్లలు కాసేపు ఏడ్చారు. రాకేశ్ మాత్రం చేతికి దొరికిన గిన్నెతో నేలని వాయించడం మొదలుపెట్టి, అక్క ఉందో పోయిందో కూడా చూసుకోలేదు.

సురేందర్ హాజరు ముగించి వచ్చేసరికి గదిలో సందడి తగ్గింది. లోపలికి తొంగి చూశాడు. గోడ వారగా ఉన్న చివరి చాప మీద అనుపమ నిద్రపోతోంది. సంచి తల కింద పెట్టుకుంది, చెప్పులు విప్పలేదు. తమ్ముణ్ని దించి, బడికి ఇంకా టైముందని తెలుసుకుని, ఏం చెయ్యాలో తోచక కాసేపు గోడకి ఆనుకుని కూర్చుందట. అలాగే ఒరిగిపోయిందట. పక్కకి తిరిగి పడుకుంది గానీ ఎడమ చెయ్యి వంగే ఉంది. ఆ వంపులో ఎవరో ఉన్నట్టు, జారిపోకుండా పట్టుకున్నట్టు.

"ఈ పోరి పేరు రాయలే," అంది కుసుమకుమారి మెల్లగా. "బడి ఈడుది గద. లేపాల్నా?"

సురేందర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. గదికి పిల్లల జాబితా ఇచ్చినప్పుడు చంటివాళ్లందర్నీ రాయించాడు. అనుపమని రాయించలేదు. ఆమె అతనికి ఎప్పుడూ రాకేశ్‌ని ఎత్తుకునే మనిషే గానీ, ఆమె బడి గురించి అంత బతిమాలినా, ఆమె కూడా నిద్ర చాలని ఒక పిల్లేనని ఈ క్షణం దాకా తట్టలేదు. కళ్ల ముందు నిద్రపోతున్న పిల్ల మొహం ఎంత చిన్నదో చూసి అతనికి సిగ్గేసింది.

"రాయక్కా," అన్నాడు. "అందరికన్న ముందు గామె పేరు రాయి. లేపకు, బడి టైముకి నేను లేప్త."

ఊడ్చిన రోడ్ల ఫొటోలు పంపాలని ఫోను జేబులో మోగుతూనే ఉంది. అతను దాని నోరు నొక్కి, చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. వీధిలో ఎండ పడ్డాక, బడి వైపు పిల్లలు గుంపులుగా పోతున్న మాటలు వినబడ్డాక, భుజం మీద తట్టాడు.

అనుపమ ఉలిక్కిపడి లేచింది. లేస్తూనే ఖాళీ చంక తడుముకుంది. "తమ్ముడేడి?"

"గదిగో, పాలు తాగుతుండు. నువ్వు పోవే, మొదటి గంట కొడ్తున్నరు."

ఆమె తమ్ముణ్ని చూసింది. గుమ్మం చూసింది. సంచి భుజాన వేసుకుని బయటికి నాలుగడుగులు నడిచింది. అక్కడ ఆగి, నమ్మలేనట్టు వెనక్కి చూసి, రెండు చేతులూ ఊపుకుంటూ బడి వైపు పరుగెత్తింది.